తారురోడ్డు మీద మరిచిపోయిన పట్టు

జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఏ గ్రౌండులో కబడ్డీ ఈల వినపడినా, అది ఊదేది నేను తయారు చేసిన మనిషే. ఈ మాట పెళ్లిళ్లలో చెప్పాను, దినాలకు పోయినచోట చెప్పాను, బస్సులో పక్క సీటువాడికి కూడా చెప్పాను. ఎవరూ కాదనలేదు. ముసలివాడితో వాదనెందుకు అనుకున్నారో ఏమో.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తున్న రోజులు. బడులు మూతపడ్డాయి. జనగామలో నేను నడిపే ఆడపిల్లల కబడ్డీ క్లబ్బు కూడా రోడ్డెక్కింది. పెద్దరోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేసేవాళ్లు. ఆగిపోయిన లారీల ముందు ముగ్గుపిండితో గీతలు గీసి మా పిల్లలు కబడ్డీ ఆడేవాళ్లు. పేపర్లవాళ్లు ఫొటోలు తీసేవాళ్లు. ప్రతి ఫొటోలో పడేలా నేను నిలబడేవాణ్ని.

మా క్లబ్బులో కూతకు పోతే ఎదురులేని పిల్ల ఒకతి ఉండేది. బట్టలు కుట్టే సాయిబుల ఇంటి పిల్ల, ఇంటర్ చదివేది. ఆ ఎండాకాలం ఆటలోనే మోకాలు తిరిగిపోయింది. ఇక ఆడొద్దని దవాఖానలో చెప్పేశారు. అప్పటినుంచి గ్రౌండు వైపు రావడమే మానేసింది. ఆ రోజు మాత్రం వాళ్లమ్మతో కలిసి అన్నం వడ్డించడానికి వచ్చి, గరిటె చేతిలోనే పట్టుకుని ఆట చూస్తూ నిలబడిపోయింది.

"సార్, వీళ్లు పట్టుడు మర్చిపోయిన్రు."

"మంచిగనే ఆడుతున్నరు గద బిడ్డా."

"ఏం మంచిగ? తార్రోడ్డు మీద పడితే చర్మం లేస్తదని ఒక్కతి గూడ కాళ్లు పట్టుతలేదు. తాకి ఇడిచిపెడుతున్నరు. మట్టిల గూడ గిట్లనే చేస్తరు, సూడున్రి."

సాయంత్రం గ్రౌండులో చూస్తే సరిగ్గా అదే. కూతకు వచ్చిన పిల్లకు దారి ఇచ్చి, పెండ్లికి వచ్చిన చుట్టాల్లా మర్యాదగా నిలబడుతున్నారు. సమ్మె అయిపోగానే మహబూబాబాద్‌లో పోటీ ఉంది.

మర్నాడు వంటల దగ్గర ఆ పిల్లను అడిగాను, వచ్చి నేర్పమని.

"ఆడనిదాన్ని, గ్రౌండుల నాకేం పని సార్? అందరు అయ్యో పాపం అని సూస్తరు."

వాళ్లమ్మ అందుకుంది. "ఇగ ఆట బంద్ సార్. మోకాలు మళ్ల పోతే జిమ్మేదారు ఎవరు?"

కబడ్డీ తప్ప మరో లోకం ఎరగని పిల్ల. ఇప్పుడు పోతే ఇక ఎన్నటికీ రాదని మాత్రం అర్థమైంది.

రెండు మూడు రోజులకు తనే వచ్చింది. కుర్చీలో కూర్చుని కాలు చాపుకుంది. నేల మీద వరిగడ్డి పరిపించి, "ముందుగాల పడుడు నేర్సుకోన్రి, పట్టుడు అదే వస్తది. నవ్వుకుంట పడున్రి," అంది. పిల్లలు పడ్డారు, నవ్వారు, మళ్లీ పడ్డారు. తర్వాత చివరన నిలబడి కాళ్లు పట్టే పిల్లను తీసుకొచ్చి నడుమ పెట్టింది. అది తప్పు, కాళ్లు పట్టేవాళ్ల చోటు చివరే. నాలుక కొరుక్కుని ఊరుకున్నాను. కొత్త కోచ్ తయారు కావాలంటే పాత కోచ్ నోరు మూసుకోవాలి. అది నా పద్ధతి. మర్నాడు తనే చూసుకుని ఆ పిల్లను మళ్లీ చివరి చోటుకు పంపింది. పంపి నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను.

మహబూబాబాద్‌లో కప్పు కొట్టామని చాలామందికి చెప్పాను. కొట్టలేదు. మొదటి ఆటే ఓడిపోయాం. కానీ దొరికిన కాలును మా పిల్లలు ఒక్కరూ వదల్లేదు. తిరుగు రైల్లో అందరూ ఏడుస్తుంటే ఆమె ఒక్కొక్కరి జడ సర్దుతూ, "రేపు పొద్దుగాల రాన్రి. ఆలస్యమైతే ఊకోను," అంది. ఆ మాట అనేముందు నన్ను అడగలేదు. అడగనందుకు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

జనగామ నుంచి భూపాలపల్లి దాకా అన్నది కూడా సాగదీసిందే. నేను తయారు చేశానని చెప్పుకోదగ్గ కోచ్ ఈమె ఒక్కతే. ఇప్పుడు భూపాలపల్లి దగ్గర చెల్పూర్‌లో పిల్లలకు ఆట నేర్పుతోంది. మొన్న నన్ను చూడటానికి వస్తే, నేను రాసిన ఇదంతా చదివి వినిపించాను. 'నా పద్ధతి' అన్నచోట ఆపమంది.

"పద్ధతి లేదు, ఏం లేదు సార్. జై తెలంగాణ అని ఒర్రి ఒర్రి మీ గొంతు పోయింది. సార్‌కు మాట వస్తలేదు, మాకు చెప్పేటోళ్లు లేరు, రా అక్కా అని పిల్లలు మా ఇంటికొచ్చిన్రు. గందుకే వచ్చిన. ఆ పిల్లను నడుమ పెట్టినప్పుడు మీరేం ఊకోలే. పక్కపొంటి నిలబడి చేతులు ఊపుడే ఊపుడు. నేనే సూడనట్టు చేసిన."