పద్దెనిమిదో పాట తర్వాత

మా కారుకి పాటల సీడీ తయారవుతున్నంతసేపూ ఇంట్లో ఎవరూ అటూ ఇటూ నడవకూడదు. అది మా నాయన పెట్టిన కట్టడి. నేల అదిరితే సీడీ చెడిపోతుందని ఆయనకు ఎవరో చెప్పారు. కంప్యూటర్ పాటలు రాస్తున్నంతసేపూ అమ్మ వంటింట్లో పొయ్యి ముందు అలాగే నిలబడిపోయేది. పనిమనిషి చీపురు చేత్తో పట్టుకుని వరండాలో ఆగిపోయేది. నాయన నా వెనక కుర్చీ వేసుకుని, తెర మీద అంకె నూటికి చేరేదాకా రెప్ప వేయకుండా చూసేవాడు. మధ్యలో కరెంటు పోతే ఆ సీడీ ఇంక దేనికీ పనికిరాదు. అలా చెడిపోయినవాటిని అమ్మ మిద్దె మీద ఎండబెట్టిన వడియాల దగ్గర దారం కట్టి వేలాడదీసేది. ఆ మెరుపుకి కాకులు వచ్చేవి కావు.

కోట ఊరి నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో మాది పెద్ద కుటుంబం. పెద్ద అంటే మనుషులు ఎక్కువని కాదు. మాగాణి అంతా తవ్వించి నాయన రొయ్యల గుంటలు చేశాడు. రోగం తగిలి ఒక గుంట తర్వాత ఒకటి పోయింది. చివరికి ఇల్లు, తెల్లకారు, ఆ కారుకో డ్రైవరు మిగిలారు. డ్రైవర్ను పెట్టుకునే తాహతు మాకు అప్పటికే లేదు. కానీ మా ఇంటి మగవాళ్ళు వెనక సీట్లోనే కూర్చుంటారు. స్టీరింగ్ ముట్టుకోరు. నాకు ఇవాళ్టికీ కారు నడపడం రాదు. దాన్ని లోటని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆ డ్రైవర్ని మేమంతా 'వాడు' అనేవాళ్ళం. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఇక్కడ 'ఆయన' అని రాస్తున్నాను.

నేను చెప్పబోయే సీడీలో పద్దెనిమిది పాటలు. మొదటిది దేవుడి పాట, అది మారడానికి లేదు. మధ్యలో నాయన ఏరిన పాత సినిమా పాటలు. చివరిది ఒక పద్యం. మా ఊళ్ళో ఎప్పుడో ఆడిన నాటకంలో మా తాత పాడినది, క్యాసెట్టులో ఉండేది. దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించే వైరు మా దగ్గర లేదు. టేప్‌రికార్డర్ ముందు మైకు పెట్టి, అందరినీ నోరు మూసుకోమని, పద్యం మొత్తం పట్టాను. పద్యం అయిపోయింది. క్యాసెట్టులో చప్పట్లు మోగుతున్నాయి. సరిగ్గా అప్పుడు ఆయన, మా డ్రైవరు, గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"అయ్యా, ఆదివారాలు బండి మీదే పోతుండాయి. గుడికి పోను కుదరడంలా. చివర్లో ఒక్క ఏసయ్య పాట పెట్టిస్తారా?"

"కారు నాదా, నీదా?"

"మీదేనయ్యా."

"నీ కారు నువ్వు కొనుక్కున్న నాడు నీ పాట పెట్టుకో. పోరా, పో."

నేను వింటూనే ఉన్నాను. నాకు అది తప్పుగా తోచలేదు. మైకు ఆపలేదన్న సంగతీ తోచలేదు. ఆ పూట కరెంటు పోయేలోపు రాసేయాలన్న తొందరలో వెనక్కి తిప్పి వినకుండానే సీడీ రాసేశాను.

ఆ మాటలు మేము మొదటిసారి కారులోనే విన్నాం. కావలిలో పెళ్ళికి వెళుతున్నాం. పద్యం అయింది, చప్పట్లు వచ్చాయి. తర్వాత ఆయన గొంతు, దాని వెంట మా నాయన గొంతు, రెండూ స్పీకర్లలోంచి వచ్చాయి. వెనక సీట్లో నాయన, నేను. ముందు ఆయన. 'పోరా, పో' అయ్యాక దేవుడి పాట మళ్ళీ మొదలైంది. చాలా దూరం పోయాక నాయన కిటికీ వైపు చూస్తూ, "అది మార్చి ఇంకోటి చెయ్," అన్నాడు నాతో.

మార్చాలంటే పాత సీడీ బయటికి రావాలి. రాలేదు. ఉప్పుగాలికి కారులోని పాటల పెట్టె లోపల ఏదో పట్టేసింది. మీట నొక్కితే కాసేపు మూలిగేది, సీడీని మాత్రం వదిలేది కాదు. అప్పటినుంచి ఆయన ఒక పని చేసేవాడు. పద్యం అయ్యి చప్పట్లు మొదలవగానే, దారి మీంచి చూపు తిప్పకుండా, ఎడంచేత్తో మీట నొక్కి మొదటి పాటకు పోయేవాడు. అలా చేయమని ఎవరూ చెప్పలేదు. మా నాయన ముందు మా నాయన మాట మళ్ళీ వినపడకుండా ఆయనే కాపలా కాశాడు.

నాయన పోయాక ఇల్లు అమ్మేశాం. కారు ఒక బ్రోకరు చేతిలో పెట్టాను. కొన్నది ఎవరని అడగలేదు. టాక్సీగా, పసుపు నంబరు పలకతో కోట రోడ్డులో తిరుగుతోందని, మా దగ్గర నడిపిన ఆయనే కొనుక్కున్నాడని తర్వాత తెలిసింది.

అమ్మేసిన కొన్నాళ్ళకి ఇంకో సంగతి తెలిసొచ్చింది. మా నాయన గొంతు ఇంకెక్కడా లేదు. నాయన ఫోటోలకే సరిగా నిలబడేవాడు కాదు, ఇంక వీడియోలెక్కడివి? నాయన మాట్లాడిన నాలుగు ముక్కలు ఆ కారులో ఇరుక్కున్న సీడీ అంచున ఉన్నాయి. వెళ్ళి అడగాలి. ఎవర్ని? ఏ మాట వినిపించమని?

నాయుడుపేటలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తూ ఏళ్ళ తరబడి ఆ కారు కంటపడితే టీకొట్టు వెనక్కి తప్పుకున్నాను. కనపడకముందే వినపడేది. ఏ పాట తర్వాత ఏది వస్తుందో నాకు తెలుసు. ఆఫీసులో కాగితాలు సర్దుతుంటే రోడ్డు మీంచి తొమ్మిదో పాట పోయేది. నా తల దానంతటదే పదో పాట ఎత్తుకునేది.

మొన్న ఎండాకాలం మధ్యాహ్నం బస్సు తప్పిపోయి నిలబడి ఉంటే కారు నా ముందే ఆగింది. తప్పుకోవడానికి చోటు లేదు.

"చిన్నయ్యా, కోటకేనా? ఎక్కండి." ముందు తలుపు తీశాడు. జుట్టంతా నెరిసింది.

నేను వెనక కూర్చున్నాను.

"అదిగో, సీటు కూడా మిమ్మల్ని మర్చిపోలా," అని నవ్వాడు. నేను నవ్వలేదు.

పదహారో పాట నడుస్తోంది. నేను ఊరి విషయాలేవో అడిగాను. పదిహేడు. పద్యం. మా తాత రాగం తీశాడు. చప్పట్లు వచ్చాయి. ఆయన ఎడంచేయి లేచింది.

"నొక్కొద్దు, అన్నా," అన్నాను.

ఆ పిలుపు నా నోటినుంచి ఆయన ఎప్పుడూ వినలేదు. చేయి గాల్లోనే ఆగింది. మా నాయన మాట్లాడాడు. కారు నాదా, నీదా. గొంతులో ఆ బొంగురు నేను మర్చిపోయాను. నేను గుర్తుంచుకున్న గొంతు వేరే. పోరా, పో.

"అయ్య గొంతు గట్టిది," అన్నాడు ఆయన.

కొంచెం దూరం పోయాక అన్నాడు, "ఆయన చెప్పినట్టే కారు కొనుక్కున్నా గదా చిన్నయ్యా. నా పాట మాత్రం పెట్టుకోను కుదరలా. అయ్య సీడీ బయటికి రాందే!"

"ఆ పెట్టె తీసిపారేసి కొత్తది పెట్టించుకోకపోయావా?"

"ఎట్టా పారేసేది? మీరెప్పుడో వస్తారనుకున్నా. పీకి తీస్తే సీడీ మిగలదన్నాడు మెకానిక్కు."

నేను దిగాల్సిన చోటు వచ్చింది. దిగకుండా, "రేపు తీయించు. నేనూ వస్తా," అన్నాను.

"అయితే ఇప్పుడే ఇంకోసారి పెడతా. ఫోన్లో పట్టుకోండి."

ఫోన్ జేబులోనే ఉంది. ఆయన్ని తిట్టిన తిట్టును, ఆయన చేతే మళ్ళీ మోగించి, ఆయన ముందే దాచుకోవాలి.

"అక్కర్లేదు," అన్నాను.

అది నేను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. ఆయన అద్దంలోంచి చటుక్కున నన్ను చూశాడు. నా గొంతులో ఆ బొంగురు నేనూ విన్నాను.

మర్నాడు నాయుడుపేటలో మెకానిక్కు పెట్టె విప్పి సీడీని పటకారుతో లాగాడు. లోపలి భాగం బాగానే ఉంది. బయటి అంచు పొడుగునా గీరుకుపోయింది. సీడీ మీద పాటలు మధ్యలోంచి అంచుకు పోతాయి. మొదటి పాట లోపల ఉంటుంది, చివరి పాట అంచున. ఇరవైసార్లు ప్రయత్నించాను. పదిహేడో పాట సగంలో ఆగిపోతుంది.

అదే వీధిలో ఒక ఫోటో స్టూడియోలో ఇంకా సీడీలు రాస్తున్నారు. ఏసయ్య పాటల్లో ఏది కావాలో ఆయన్నే అడిగి, ఒక్క పాటతో సీడీ రాయించాను. నా ఈడు మనిషే అయిన స్టూడియో యజమాని రెండుసార్లు అన్నాడు, "కూర్చోండి సార్, టైం పడుతుంది," అని. అంకె నూటికి చేరేదాకా నేను అడుగు కదపలేదు.

కారులో కొత్తగా బిగించిన పెట్టెలో పెట్టుకున్నాం. నేను వెనకే. ఆయన పాటతో పాటు సన్నగా పాడాడు, గూడూరు వైపు మళ్ళే మలుపు దాకా. పాట అయిపోయింది. దాని చివర చప్పట్లు లేవు. అయినా ఆయన ఎడంచేయి స్టీరింగ్ మీంచి లేచి మీట దాకా పోయి, అక్కడ ఆగింది.

మా నాయన మాట రావాల్సిన చోట ఇప్పుడు ఏమీ లేదు. నేను వెన్ను నిటారుగా పెట్టి కూర్చుని విన్నాను. ఆయనా విన్నాడు. చేయి చాలాసేపు అక్కడే ఉంది.