ఉప్పులేని సూపు

అధ్యక్షుడు పెళ్ళి చేసుకోలేదు కాబట్టి వాషింగ్టన్‌లోని ఆ తెల్ల భవనానికి ఇల్లాలి బాధ్యత ఆయన అక్క లవీనియా మీద పడింది. యాభై దాటిన వితంతువు. విందు రోజున గుమ్మంలో రెండు గంటలు నిలబడి మూడు వందల మందితో చేతులు కలిపేది. బిగుతు జోళ్ళు మెల్లగా విడిచేసి, నేలను జీరాడే గౌను మాటున వట్టి కాళ్ళతో హాయిగా నిలబడేది. ఎవరూ గమనించేవారు కాదు. ఆమెను పలకరిస్తూనే అందరి చూపులూ ఆమె భుజం మీదుగా తమ్ముణ్ణి వెతికేవి.

ఆ సంవత్సరం ఓడరేవుల బిల్లు మీద తగవుపడి ప్రెంటిస్, హోల్‌కూమ్ అనే సెనేటర్లు నెల రోజులుగా మాటలు మానేశారు. బిల్లు అటకెక్కింది. తమ్ముడికి కంటిమీద కునుకు లేదు. లవీనియా ఆ ఇద్దరినీ విందులో పక్కపక్కన కూర్చోబెట్టింది. సూపులో ఉప్పు వెయ్యొద్దని వంటామెకు చెప్పి, ఉప్పుగిన్నె ప్రెంటిస్ ముందు, మిరియాల పొడి హోల్‌కూమ్ ముందు పెట్టించింది. రెండు చెంచాలు మింగి హోల్‌కూమ్ గొంతు సవరించుకున్నాడు.

"ఆ ఉప్పు కాస్త ఇటు జరుపుతారా?"

"మిరియాలు ఇటొస్తే ఉప్పు అటొస్తుంది," అన్నాడు ప్రెంటిస్.

"ఈ ఇంట్లో వంట మహా ఘోరమండీ."

"మా కుక్క కూడా ముట్టదు."

అలా ఒక సంగతిలో ఏకాభిప్రాయం కుదిరాక, మిఠాయి వచ్చేసరికి బిల్లు మాటా వచ్చింది. వారం తిరక్కుండా అది నెగ్గింది. పత్రికలు అధ్యక్షుడి లౌక్యాన్ని ఆకాశానికెత్తాయి.

"వంట బాగోలేదన్న చోట తప్ప నీ పేరెక్కడా లేదక్కా," అన్నాడు తమ్ముడు నొచ్చుకుంటూ.

లవీనియా ఆ వాక్యం రెండుసార్లు చదివి పత్రిక మడిచింది.

"పోనీలేరా. అసలు సంగతి తెలిస్తే ఈసారి ఇద్దరూ ఉప్పు జేబులో వేసుకొస్తారు."