అందరినీ ఒకే ప్రశ్న అడిగిన మత్తు డాక్టర్ గారు

మన చాండ్లర్ తెలుగు సంఘం పెద్ద, డాక్టర్ దేవసహాయం గారు గత మంగళవారం ఉదయం ప్రభువునందు నిద్రించారు. మా చిప్ ఫ్యాక్టరీ క్లీన్‌రూమ్‌లోకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు. మధ్యాహ్నం ఆ తెల్ల ముసుగు దుస్తులు విప్పి లాకర్ తెరిస్తే పదకొండు మిస్డ్ కాల్స్, అన్నీ మన సంఘం వాళ్ళవే. అప్పటినుంచి నాకు కాలు నిలవడం లేదు. పొయ్యి మీద కూర పెట్టి, మళ్ళీ ఆపేసి, కార్ తీసుకుని ఆయన వీధి దాకా వెళ్ళి ఊరికే తిరిగొస్తున్నాను. సంఘ పత్రికకి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు పాస్టర్ గారు. నాలుగు మాటలతో తేలే విషయం కాదని అప్పుడాయనకి చెప్పలేదు.

సంస్మరణల్లో మృదుభాషి అని రాయడం ఆనవాయితీ. డాక్టర్ గారు మృదుభాషి కారు. మైకు అక్కర్లేని కంఠం, ముక్కుసూటి స్వభావం, నిష్కళంకమైన జీవితం ఆయనవి. నరసాపురం నుంచి వచ్చి నలభై ఏళ్ళు ఇక్కడి ఆసుపత్రుల్లో మత్తు డాక్టర్‌గా చేశారు. "ఊరందరికీ మత్తిచ్చాను గానీ నేను కాఫీ కూడా ముట్టలేదు" అని ఎనభై దాటాక కూడా గొప్పలు పోయేవారు.

ఆయన పెట్టిన ఆచారం ఒకటి మనందరికీ తెలుసు. ఎవరికి సిటిజెన్‌షిప్ ఇంటర్వ్యూ వచ్చినా, ముందు ఆదివారం ఆరాధన అయ్యాక ఫెలోషిప్ హాల్లో ఆయన టై కట్టుకుని ఆఫీసర్‌గా కూర్చునేవారు. మనం చెయ్యెత్తి ప్రమాణం చేయాలి. ఆయన నవ్వకుండా ప్రశ్నలన్నీ అడిగేవారు. అసలు ఇంటర్వ్యూ పాసైనవాళ్ళు మరుసటి ఆదివారం సంఘానికి బిర్యానీ పెట్టాలి. ఆ కుర్చీలో ఇంకెవరు కూర్చున్నా మనకి ఆ భయమూ రాదు, ఆ ధైర్యమూ రాదు.

ఎన్నికలొస్తే మన హాలుకి అభ్యర్థులొస్తారు, శాలువా కప్పించుకుంటారు, సమోసా తిని ఓటడుగుతారు. గత కొన్నేళ్ళుగా డాక్టర్ గారు వాళ్ళలో ఒక్కర్నీ వదల్లేదు. అందరికీ ఒకటే ప్రశ్న. "గంజాయి అమ్ముకోవచ్చని ఈ రాష్ట్రం అంది. నేరమని కేంద్రం అంటోంది. గ్రీన్ కార్డ్ మీదున్న మా అమ్మాయి ఇక్కడి షాపులో కొంటే సిటిజెన్‌షిప్ రాకుండా ఎందుకు పోవాలి? గెలిస్తే మారుస్తారా, మార్చరా?" ఒకాయన "గ్రేట్ క్వశ్చన్, డాక్టర్" అని చెయ్యి ఊపి సమోసాల వైపు నడిచాడు. డాక్టర్ గారు జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి ఆ పేరు పక్కన "సమోసా" అని రాసుకున్నారు. తర్వాత తప్పించుకున్న ప్రతివాడి పక్కనా అదే మాట. గంజాయి అంతటా చట్టబద్ధం చేస్తానని ఉపన్యాసమిచ్చిన ఒకావిడ, గ్రీన్ కార్డ్ మాట ఎత్తగానే "ఇమిగ్రేషన్ వేరే సబ్జెక్ట్" అంది. ఆవిడా సమోసాయే. ఇంకొకాయన మాత్రం "నేను మార్చను సార్, మా తమ్ముడు దానివల్లే పాడైపోయాడు" అన్నాడు. డాక్టర్ గారు ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కుర్చీ వేయించారు. "మార్చడు. నిజం చెప్పాడు" అని రాసుకున్నారు.

మనం ఊరుకున్నామా? గంజాయి పెద్దాయన అని పేరు పెట్టాం. సియాటిల్‌లో ఉన్న వాళ్ళమ్మాయికి ఆ అలవాటుందని గుసగుసలాడాం. ఆ మాట ఆయన చెవిన పడింది. అయినా ఎవరి కోసం అడుగుతున్నారో చెప్పలేదు. ఆయన ప్రశ్నలోని "మా అమ్మాయి" సియాటిల్‌లో లేదు. ఆ అమ్మాయి నేనే.

నడుం ఆపరేషన్ తర్వాత నెలల తరబడి నాకు నిద్ర లేదు. మన మెయిన్ రోడ్డు మీది షాపులోనే గంజాయి కలిపిన జెల్లీ బిళ్ళలు కొన్నాను, బిల్లుతో సహా. ఇంటర్వ్యూ ప్రాక్టీసులో డ్రగ్స్ ప్రశ్న రాగానే ఆగిపోయాను. "అంకుల్, నేను కొన్నాను. లాయర్ని అడగనా?" అన్నాను గొంతు తగ్గించి.

"షాపులోనే కదా కొన్నావు? నిజం చెప్పడానికి లాయరెందుకు తల్లీ? చెప్పెయ్, ఏం కాదు" అన్నారు.

ఆయన అంటే మనకి వేదవాక్కు. నేను లాయర్‌కి ఫోన్ చేయలేదు. ఆఫీసర్‌కి నిజం చెప్పాను. అప్లికేషన్ కొట్టేశారు. కొన్నేళ్ళు ఆగి మళ్ళీ వేసుకోమని, ఈలోగా దేశం దాటితే తిరిగి రానివ్వకపోవచ్చని తర్వాత లాయర్ చెప్పాడు.

ఆ ఆదివారం నేను చర్చికి వెళ్ళలేదు. మీరంతా బిర్యానీ తిన్నారు. నా తరఫున అని చెప్పి పెట్టింది డాక్టర్ గారు. జన్మలో ఆయన ఆడిన అబద్ధం నాకు తెలిసి అదొక్కటే, అదీ నా పరువు కోసం. ఆ బిర్యానీ తిని మీరు నన్ను సిటిజెన్ అనుకున్నారు. "ఓటేశావా?" అని మీరడిగినప్పుడల్లా నేను నవ్వి తప్పుకున్నాను. సమోసా వైపు నడిచినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ వారంలోనే ఆయన మా ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడ్డారు. "నిజం చెప్పడం తప్పు కాదు తల్లీ. తెలుసుకోకుండా ధైర్యం చెప్పాను చూడు, అది నా తప్పు. మనిషి బరువు చూడకుండా మత్తిచ్చినట్టయింది" అన్నారు. "వెళ్ళండి అంకుల్" అన్నాను. కోపంతో అన్నాను. ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు వందనాలు చెప్పుకున్నామో గానీ, "మీ మీద కోపం పోయింది అంకుల్" అని ఆయనతో అనలేకపోయాను. ఎప్పుడో పోయింది. రేపు చెబుదాం, పండక్కి చెబుదాం అనుకుంటూ గడిపేశాను. ఇప్పుడు ఆయన వీధి దాకా వెళ్ళి వస్తున్నది ఆ మాట పట్టుకునే.

సమాధి కార్యక్రమం అయ్యాక ఆయన భార్య గ్రేసమ్మ ఆంటీ ఆ నోట్‌బుక్ నా చేతిలో పెట్టింది. "ఇది నీదేనమ్మా, నీ కోసమే రాశారు" అంది. ఆంటీకి మొదటినుంచీ తెలుసట. చివరి పేజీలో, వచ్చే శనివారం మన హాలుకి రాబోయే అభ్యర్థి పేరుంది. దాని పక్కన ఖాళీ ఉంది.

ఇది చదివితే మా లాయర్ తల పట్టుకుంటాడు. కానీ ఇందులో ప్రభుత్వం ఫైల్లో లేనిదేమీ లేదు. తెలియనిది మీకే. శనివారం నేను ముందు వరసలో కూర్చుంటాను. డాక్టర్ గారు "మా అమ్మాయి" అన్నచోట నేను "నేను" అంటాను. నీకు ఓటుందా అని ఆ అభ్యర్థి అడుగుతారు. లేదని చెప్పి, ఎందుకు లేదో కూడా చెబుతాను. ఆ ఖాళీ నింపుతాను.

మీరు చెప్పమన్న నిజం ఆ రోజు ఒక్క ఆఫీసర్‌కే చెప్పాను డాక్టర్ గారూ. ఇప్పుడు మనవాళ్ళందరికీ చెబుతున్నాను. ఆదివారం ఆరాధన తర్వాత ఫెలోషిప్ హాల్లో బిర్యానీ నాది. నేనింకా పాసవలేదు. అది తెలిసే అందరూ వచ్చి తినండి.