గంట ముందుకు దూకిన గడియారాలు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నేను చేసేది కంప్యూటర్ల పని. సూరత్‌లో మగ్గాల కార్ఖానాలు తిరిగి, అక్కడి కంప్యూటర్లు, కెమెరాలు, గేటు దగ్గర వేలిముద్ర పెట్టే మెషీన్లు బాగుచేస్తాను. ఏది పాడైనా దానికో కారణం ఉంటుంది. వైరు తెగి ఉంటుంది, బ్యాటరీ చచ్చి ఉంటుంది, లేకపోతే ఫ్యానులో దారపు దుమ్ము ఇరుక్కుని ఉంటుంది. సేఠ్‌లు కంప్యూటర్‌కు కట్టిన నిమ్మకాయా మిరపకాయలూ పీకి అవతల పారేసి మరీ పని మొదలుపెట్టే మనిషిని. ఇప్పుడు నేను చెప్పబోయేది వింటే నన్నెరిగినవాళ్లు నవ్వుతారు. నవ్వుకోనివ్వండి.

మా చిన్నమ్మ రాజవ్వ భర్త పేరు మల్లేశం. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లు ఇక్కడే మగ్గాలు నడిపాడు. డిండోలిలో మా ఇంటి వెనక గల్లీలోనే ఉండేవాళ్లు. వారపు సెలవుకు ముందు రోజు సాయంత్రం, మగ్గం మోటారుకు కరెంటు పాసై ఆయన చనిపోయాడు. అప్పుడు టైం ఆరున్నర. ఏడింటికి షిఫ్టు అయిపోతుంది. పక్క మగ్గాల మీద ఉన్న నర్సయ్య కళ్లారా చూశాడు.

ఆ మోటారుకు ఎర్త్ వైరు లేదు. పెట్టించమని చిన్నాయన మేనేజర్‌ను ఎన్నోసార్లు అడిగాడు. ఆ మేనేజర్ హస్ముఖ్‌భాయ్ పనివాళ్లందరినీ బయటికి తోలి, షెడ్డుకు తాళం వేసి, చీకటి పడ్డాక గానీ ఎవరికీ కబురు చేయలేదు. తర్వాత కెమెరా రికార్డింగ్ బయటికి తీశాడు. అందులో చిన్నాయన పడిపోయిన టైం ఏడున్నర అని ఉంది.

ఇంక వాడి నోటికి అడ్డే లేదు. షిఫ్టు అయిపోయి అందరూ వెళ్లాక మల్లేశం ఒక్కడే ఉండిపోయాడట, మోటారులో రాగి తీగ కత్తిరించుకుపోదామని చూశాడట, షాక్ కొట్టిందట. నర్సయ్య అడ్డం తిరిగితే, "మెషీన్ ఝూఠ్ నహీ బోల్తా" అన్నాడు. యంత్రం అబద్ధం చెప్పదట! ఇరవై ఏళ్ల పనిలో చిన్నాయన ఏనాడూ ఒక్క నూలు కండె ఇంటికి తెచ్చిన మనిషి కాదు. అలాంటివాణ్ణి దొంగను చేశారు.

గల్లీలో ఆడవాళ్లు చిన్నమ్మను చూసి గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆమె ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చుని ఒకే మాట అనేది.

"వాని నోటితోనే జెప్పిస్త పిల్లా. సూస్తుండు."

నాకు ఆ రికార్డింగ్ సంగతి వినగానే అనుమానం వచ్చింది. కెమెరా రికార్డింగ్ చేసే డబ్బాకు, అంటే డీవీఆర్‌కు, లోపల ఒక గడియారం ఉంటుంది. సరిచేయకుండా వదిలేస్తే అది తప్పు నడుస్తుంది. గంట ముందుకు పోయి ఉంటే ఆరున్నర కాస్తా ఏడున్నర అవుతుంది. ఆ డబ్బా గంట ముందు నడుస్తున్నట్టు ఒక్క ఫోటో దొరికితే చాలు అనుకున్నాను. ఆ దేవుడే పంపినట్టు, వారం తిరగకుండా హస్ముఖ్‌భాయ్ నుంచే నాకు ఫోన్ వచ్చింది. లేబర్ ఆఫీసు నుంచి ఒక సార్ వస్తున్నాడు, కార్ఖానాలో గడియారాలన్నీ ఒకే టైం చూపించాలి అన్నాడు. నేను మల్లేశం మనిషినని వాడికి తెలియదు.

వెళ్లాను. ఆలస్యమైపోయింది. డీవీఆర్ టైం వాడే ముందుగా సరిచేసేశాడు. వాడి గొంతు పట్టుకోవాలనిపించింది. పళ్లు కొరుక్కుంటూ పని చేశాను.

పని పెద్దదేమీ కాదు. ఆఫీసు కంప్యూటర్ ఇంటర్నెట్ నుంచి టైం తెచ్చుకుంటుంది. గేటు మెషీన్, గోదాము కంప్యూటర్, డీవీఆర్, అన్నీ దాన్ని అడిగి తమ గడియారం దిద్దుకుంటాయి. అన్నీ నా ఫోన్‌తో పోల్చి చూశాను. సెకను తేడా లేదు.

మర్నాడు పొద్దున్నే వాడు ఫోన్‌లో అరుస్తున్నాడు. అన్నీ గంట ముందుకు పోయాయట.

వెళ్లి చూశాను. నిజమే. పొరపాటున వేరే దేశం టైం పెట్టానేమోనని చూశాను, సరిగ్గానే ఉంది. ఏ కంప్యూటర్ ఎవరిని అడిగి టైం దిద్దుకుంటోందో అందులోనే కనిపిస్తుంది. ఆఫీసు కంప్యూటర్‌తో సహా అన్నిట్లోనూ, నెట్‌వర్క్‌లో డీవీఆర్‌ను గుర్తుపట్టే నంబరే ఉంది. ఆ పాత మోడల్‌కు టైం తీసుకోవడమే వచ్చు, ఇవ్వడం రాదు. పైగా డీవీఆర్ గడియారం మాత్రం సరిగ్గా నడుస్తోంది!

మళ్లీ అన్నీ సరిచేశాను. బ్యాటరీలు మార్చాను. డీవీఆర్ వైర్లన్నీ పీకి బీరువాలో పెట్టి తాళం వేయించాను. తెల్లారేసరికి మళ్లీ గంట ముందు. మళ్లీ అదే నంబరు. కరెంటే లేని డబ్బా బీరువాలో ఉండి టైం ఎలా చెబుతుంది?

హస్ముఖ్‌భాయ్ నా మీద అనుమానపడ్డాడు. మా అమ్మ మీద ఒట్టు, నేను చేయలేదు. ఆ ఆలోచన నాకెందుకు రాలేదా అని నా మీద నాకే కోపం.

సార్ వచ్చిన మధ్యాహ్నం అన్నీ మళ్లీ సరిగ్గా ఉన్నాయి. రికార్డింగ్ చూపించడానికి డీవీఆర్‌ను బయటికి తీసి కరెంటు ఇచ్చాను, నెట్‌వర్క్ వైరు మాత్రం తగిలించలేదు. చిన్నాయన పడిపోవడం తెర మీద చూశాను. నేను పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. హస్ముఖ్‌భాయ్ మాత్రం వేలు పెట్టి మరీ ఏడున్నర చూపించాడు. మా గడియారాలన్నీ కరెక్టే సార్, పోల్చుకోండి అన్నాడు.

సార్ తన చేతి గడియారం చూసి తలెత్తాడు. మా కళ్ల ముందే డీవీఆర్ టైం గంట ముందుకు దూకింది. వెంటనే ఆఫీసు కంప్యూటర్. గేటు దగ్గర వాచ్‌మన్ కేకేశాడు, అక్కడి మెషీన్ కూడా మారిందని.

సార్ ముఖం మారింది. నా ముందే టైం మారుస్తున్నారా అని గట్టిగా అడిగాడు. హస్ముఖ్‌భాయ్‌కి చెమటలు పట్టాయి. నేనేం చేయలేదు సార్, ఈ డబ్బా ముందు నుంచీ ఇంతే, ఎప్పుడూ గంట ముందే నడిచేది అనేశాడు.

అన్నాక నాలుక కరుచుకున్నాడు. సార్ మెల్లగా పెన్ను తీశాడు. నర్సయ్యను పిలిపించాడు, మోటారు విప్పించి ఎర్త్ వైరు లేదని చూశాడు. మల్లేశం పనిలో ఉండగానే చనిపోయాడని, రాగి దొంగతనం మాట అబద్ధమని రాసి సంతకం పెట్టాడు. నాకెంత తృప్తిగా ఉందో దాచను. వాడి ముఖం చూడ్డానికి ఇంకో పది నిమిషాలు అక్కడే నిలబడ్డాను.

కథ ఇక్కడితో అయిపోతే, ఏదో వైరు దోషం అని సరిపెట్టుకునేదాన్ని.

సేఠ్ వాణ్ణి తీసేశాడు. ఆ రోజు నుంచి ఆ కార్ఖానా గడియారాలు చక్కగా నడుస్తున్నాయి. వాడు సూరత్‌లోనే భేస్తాన్ వైపు ఇంకో కార్ఖానాలో చేరాడు. అక్కడి గడియారాలు గంట ముందుకు పోయాయి. పనివాళ్ల హాజరు మారుస్తున్నాడని ఆ సేఠ్ కూడా వెళ్లగొట్టాడు. చివరికి చేతిలో ఫోన్ కూడా గంట ముందే. ఫోన్ మార్చినా అంతే. నా దగ్గరికి తెచ్చాడు, నేనూ చూశాను. నా చేతిలో ఉన్నంతసేపు సరిగ్గా ఉంది, వాడు తీసుకోగానే దూకింది.

అప్పుడు చెప్పాను, నేను మల్లేశం బిడ్డ లాంటిదాన్నని. వాడు కూలబడి చేతులు జోడించాడు. చిన్నమ్మకు చెబితే, "గల్లీల నిలవడి మా ఆయన దొంగ గాదని అందరు ఇనేటట్టు జెప్పుమను" అంది.

ఆదివారం వచ్చాడు. గల్లీ నడుమ నిలబడి, వచ్చీరాని తెలుగులో, "మల్లేశం చోర్ కాదు, నేను ఝూఠ్ చెప్పిన" అని గట్టిగా చెప్పాడు. ఆడవాళ్లందరూ విన్నారు. చిన్నమ్మ గడపలో నిలబడి చివరిదాకా విని, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

వాడు వెంటనే ఫోన్ తీసి చూశాడు. గంట ముందే ఉంది.

ఇది ఎలా జరుగుతోందో నాకు ఈరోజుకీ తెలియదు. తెలిసినవాళ్లందరినీ అడిగాను, ఎవరూ చెప్పలేకపోయారు. ఇన్నాళ్లూ ఇది చనిపోయిన చిన్నాయన పని అనుకుంటూ వచ్చాను. ఆ సాయంత్రం చిన్నమ్మ పక్కన కూర్చుని, వాడు తప్పు ఒప్పుకున్నాడు కదా, ఇంకా ఎందుకు ఆగడం లేదంటావ్ అని అడిగాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల కూడా ఎత్తలేదు.

"జెప్పుమన్న, జెప్పిండు. ఇడిసిపెడ్త అన్ననా?"