ఫోటో తీయకుండా పీకించుకున్న పన్ను

కొత్తగా ఉద్యోగం వచ్చిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయం లోకంలో ఒక్కటీ లేదు. ఆమదాలవలస దగ్గర ఒక స్కూల్లో సైన్సు మాస్టారిని. "పరీక్షించి చూడనిదే ఏదీ నమ్మకండర్రా" అని పిల్లలకు రోజూ దంచి చెప్పేవాణ్ణి. (ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.) అలాంటి నాకు ఎడమ దవడ ఒకటే పోటు. మా మామ్మది అడ్డపొగ అలవాటు. చుట్ట వెలిగే కొస నోట్లోనే పెట్టుకుని ఊరందరికీ వైద్యం చెప్పేది. గరిటె కాడతో నా పళ్లన్నీ టకటకా కొట్టింది. కింది పన్ను దగ్గర నేను కెవ్వుమన్నాను. (అంత గట్టిగా కొడితే ఏ పన్నయినా అరుస్తుందని తర్వాత తట్టింది.) "ఇదేరా దొంగ! డాట్రమ్మకి సెప్పి పీకించీ," అంది. ముప్పై రెండు పళ్లూ ఉన్న మనిషి మాట కదా, నమ్మేశాను.

శ్రీకాకుళంలో పళ్ల డాక్టరమ్మ నోరు చూసి, "పీకే ముందు ఎక్స్‌రే తీయాలి మాస్టారూ. నొప్పి కింద అనిపించినా మూలం పైన ఉండొచ్చు. వేర్లు కూడా చూడాలి," అంది. నాకు ఒళ్లు మండింది. "నా నొప్పి ఎక్కడుందో నాకు తెలీదాండీ? పంటికి ఫోటో ఎందుకు, పెళ్లిచూపులకా?" అనేసి, నా తెలివికి నేనే మురిసిపోతూ లేచి వచ్చేశాను. ఫోటోలూ గీటోలూ అడక్కుండా పళ్లు పీకే ఒకాయన బజార్లో దొరికాడు. నేను వేలు పెట్టి చూపించిన పన్ను పీకి, పొట్లం కట్టి చేతిలో పెట్టాడు. ఊరేగింపులో పెళ్లికొడుకులా ఆటో ఎక్కాను. మత్తు దిగేసరికి పాత పోటు మళ్లీ మొదలైంది. పొట్లం విప్పితే పన్ను ముత్యంలా ఉంది, ఎక్కడా మచ్చ లేదు.

మర్నాడు బుగ్గ పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికే వెళ్లి, కిక్కురుమనకుండా ఎక్స్‌రే తీయించుకున్నాను. పుచ్చింది పై పన్ను. పళ్ల సందులో, బయటికి కనబడకుండా, ఇక ఉంచడానికి వీల్లేనంత లోతుగా పుచ్చింది. దాని వేర్లు చెంప ఎముకలోని గాలి గదిని ఆనుకుని ఉన్నాయట. చూడకుండా లాగి ఉంటే కన్నం పడేదట. ఆవిడ జాగ్రత్తగా తీసింది. "కింది పన్ను మంచిదే మాస్టారూ," అంది, అంతే. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు.

ఇంటికొచ్చి మామ్మను కడిగేయబోయాను. ఆవిడ చుట్ట తీయకుండానే, "నాను ముసిల్దాన్ని, గరిటితో సూసినాను. సదూకున్నోడివి, నువ్వు దేంతో సూసినావురా?" అంది.

ఇప్పటికీ క్లాసులో "పరీక్షించి చూడనిదే" అనగానే నాలుక దానంతటదే ఆ కింది పంటి ఖాళీలోకి పోతుంది. మాస్టారు ఆలోచిస్తున్నారనుకుంటారు పిల్లలు. ఒకప్పటి ఆ కుర్ర మాస్టారి మీద కోపం ఎప్పుడో పోయింది. ఏ పాపమూ ఎరుగని ఆ పన్ను మీద బెంగే ఇంకా పోలేదు.