పూలు లేని తలలో మల్లెల వాసన

మీ పక్కన కూర్చున్న మనిషి దగ్గర ఏ వాసన వస్తోందో మీరు ఇట్టే చెప్పగలరు. ఆ మనిషి ఆ వాసన ఎందుకు పూసుకొచ్చిందో ఎప్పుడైనా అడిగారా?

మా చిన్నప్పుడు... తొంభైల్లో... ఉప్పాడలో మా ఆదివారం ఆరాధన తాటాకు పాకలో జరిగేది. పాత మందిరాన్ని అప్పటికే సముద్రం తీసుకుపోయింది. కింద ఈతచాపలు, మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. ఆడవాళ్ళందరికీ తల మీద ముసుగు.

మా సంఘంలో బాప్తిస్మం తీసుకున్న స్త్రీ పూలు పెట్టుకోదు. అది కట్టడ, సంఘం పెట్టిన నియమం. మా అమ్మ బాప్తిస్మం రోజు జడలోంచి తీసిన కనకాంబరాలు మళ్ళీ ముట్టుకోలేదు.

అలాంటి పాకలోకి... మల్లెల వాసన వచ్చేది. దాని వెనకాలే దయామణత్త వచ్చేది.

మాకు రక్తసంబంధం లేదు, వీధి వరసన అత్త. మందిరానికి వచ్చేవాళ్ళంతా మా లాగే మగ్గాల ఇళ్ళవాళ్ళు. చేపలమ్ముకునే మనిషి ఆవిడొక్కతే. కువైట్‌లో పని చేసే వాళ్ళక్క సెలవులకొచ్చినప్పుడు ఒక సెంటు బుడ్డి తెచ్చిచ్చింది. లావుపాటి గాజు బుడ్డి, బంగారు రంగు మూత, పైన మల్లెకొమ్మ బొమ్మ, కింద మాకెవరికీ చదవరాని అరబ్బీ అక్షరాలు.

ఆ సెంటుకి మొహమాటం తెలియదు. ముందు వచ్చి దబాయిస్తుంది... ముక్కు అదిరిపోతుంది. కాసేపాగితే మెత్తబడుతుంది. ఆరాధన అయ్యేసరికి తడిగుడ్డలో చుట్టిన మొగ్గల్లా చల్లగా మిగులుతుంది. అచ్చం అత్త లాగే. ఆవిడ కూడా ముందు గదమాయించి, తరవాత చేతిలో జీళ్ళు పెట్టే రకం.

మా పెద్దమ్మ ఆటపట్టించేది. "ఏమే దయామణీ, కువైట్ మొత్తం ఒంటికి పూసుకొచ్చావా?"

"మీ మగ్గానిక్కూడా కాస్త పుయ్యనా వదినా? చీర తొందరగా అమ్ముడైపోద్ది" అనేది అత్త. ఇద్దరూ ముసుగుల చాటున నవ్వుకునేవారు.

ఇలా ఉండగా రామచంద్రపురం నుంచి మా సంఘానికి కొత్త పాస్టరు అయ్యగారు వచ్చారు. మంచివారే... కానీ కట్టడ విషయంలో నిప్పు. మొదటి ఆదివారమే, రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభు బల్లకి ముందు, పాట మధ్యలో ఆపేశారు. మల్లెపూలు పెట్టుకొచ్చిన సోదరి ఎవరో లేచి బయటకెళ్ళి తీసేసి రావాలన్నారు.

ఎవరూ లేవలేదు. లేవడానికి ఎవరి తలలోనూ పూలు లేవు మరి.

అయ్యగారు ఊరుకోలేదు. ముసుగులెత్తి చూడమని భార్యకి చెప్పారు. పాపం, అమ్మగారు ఒక్కొక్క తలా తడుముకుంటూ వచ్చారు. మా అమ్మ తల, పెద్దమ్మ తల... ఆఖరికి వాసన పట్టుకుని దయామణత్త దగ్గర ఆగారు. ముసుగు తీస్తే బిగించి కట్టిన ముడి తప్ప ఏమీ లేదు.

"పూలు కాదండి. సెంటండి" అంది అత్త.

పాకలో నవ్వు పుట్టబోయి చచ్చిపోయింది. అయ్యగారి మొహం ఎర్రబడింది. పూలైనా సెంటైనా అలంకారమేనన్నారు. అలంకారంతో వచ్చినవాళ్ళు ఈ రోజు బల్లలో చెయ్యి పెట్టకూడదు, బయట కూర్చోవాలన్నారు.

సంఘంలో ఉన్నవాళ్ళకి తెలుసు, ఆ మాట ఎంత బరువో. అందరి ముందూ బల్ల నుంచి లేపడమంటే... మనిషిని వెలెయ్యడమే.

అత్త లేచింది. బయటకి వెళ్ళలేదు. నిలబడింది.

"అలంకారం కాదండి అయ్యగారూ. ఆదివారమే గిరాకీ. చీకటితో తట్ట నెత్తినెట్టుకుని వీధులన్నీ తిరిగి, నాలుగు చెంబులు పోసుకుని వస్తాను. ఎంత రుద్దినా నీసు పోదు. ఈ సెంటు రాకముందు ఈ చాప మీద నా పక్కన ఎవరు కూర్చునేవారో అడగండి వీళ్ళని."

ఎవరూ తలెత్తలేదు. మా అమ్మతో సహా.

"మానేస్తానండి. మీరు మానెయ్యమంటే ఇప్పుడే ఇంటికెళ్ళి బుడ్డి ఇసకలో పారబోస్తాను. మానేసినా నా పక్కన కూర్చోమని... ఆ మాట కూడా మీరే చెప్పండి వీళ్ళకి."

అయ్యగారు చేతిలో తెరిచి ఉన్న బైబిలు వైపు తల వంచారు.

అప్పుడు అమ్మగారు... ముసుగులెత్తి చూసిన ఆ అమ్మగారే... ముందు వరసలో తన చోటికి తిరిగి వెళ్ళలేదు. అత్త చెయ్యి పట్టుకుని కిందకి లాగి, భుజానికి భుజం ఆనించి అదే చాప మీద కూర్చున్నారు. ద్రాక్షారసం గిన్నె వచ్చింది. అత్త తాగింది. అత్త చేతిలోంచే అమ్మగారు అందుకుని తాగారు. అయ్యగారు చూశారు. ఆ కట్టడ ఊసు ఆ పాకలో మళ్ళీ ఎత్తలేదు.

నేను ఏ వేదాంత కళాశాలలోనూ చదవలేదు. చదివిందల్లా బైబిలు వాక్యం, చూసిందల్లా ఆ చాప. ప్రభువు పాదాల మీద అత్తరు పోసిన స్త్రీని చూసి ఆ ఇంట్లో గొణిగినవాళ్ళెవరు? పాపులా? కాదు! పక్కనే భోజనానికి కూర్చున్నవాళ్ళే. వాళ్ళు అత్తరు ఖరీదు చూశారు. ఆయన మనిషిని చూశాడు.

ఇప్పుడు మాకు స్లాబు మందిరం, ప్లాస్టిక్ కుర్చీలు. అందరి దగ్గరా మంచి వాసనే... ఎవరూ ఎవరినీ లేపరు. కానీ కుర్చీకీ కుర్చీకీ మధ్య ఒక మనిషి పట్టేంత ఎడం. ఆ ఈతచాపల మీద ఆనుకున్న భుజాలు ఇప్పుడు ఎక్కడున్నాయండీ...

మీ మందిరంలోనో, గుడిలోనో, ఆఫీసు క్యాంటీన్‌లోనో గోడవారగా ఒక్కరే కూర్చునే మనిషి ఉన్నారు. ఎవరో మీకు తెలుసు. ఈ పోస్టుకి దణ్ణం బొమ్మ పెట్టి వెళ్ళిపోకండి. ఆదివారం దాకా ఆగకండి. ఇవాళే లేవండి, వెళ్ళి ఆ పక్కన కూర్చోండి. కూర్చుని వచ్చాక వాళ్ళ పేరు ఇక్కడ రాయండి... ముందు మాత్రం కూర్చోండి.