మస్కట్‌లో ఇల్లు చూపించడం నేర్పిన క్లాసు

మొన్న దుబాయ్ నుంచి సెలవుకి వచ్చిన మా మేనకోడలు సెల్‌ఫోన్‌ని పోపుల డబ్బాకి ఆనించి, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చుంది. ఫోనులో ఎవడో ఇంగ్లీషులో గడగడా చెప్పుకుపోతున్నాడు, ఇది వింటే ఒట్టు. ఏమిటే అంటే, ఇళ్ళు అద్దెకిప్పించే లైసెన్సు రెన్యువల్ కావాలంటే ఆ పాఠాలు పూర్తిచెయ్యాలట. నవ్వి ఊరుకోవాల్సింది, నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఈ చదువు నేనూ వెలగబెట్టాను, తొంభైల మొదట్లో, మస్కట్‌లో.

అక్కడ దార్సైట్‌ అనే పేటలో ఉండేవాళ్ళం. మావాడు బళ్ళో చేరాక నేను రూవిలో ఇళ్ళు అద్దెకిప్పించే ఆఫీసులో కుదిరి, ఎన్ని వాటాల తాళాలు తీశానో, ఎన్ని మెట్లెక్కి దిగానో నా మోకాళ్ళకే తెలుసు. అలాంటిది నా బతాకా, అదే, పని కార్డు, గడువుకొచ్చిన ఏడు మా మేనేజరు శిక్షణ సర్టిఫికెట్ తెస్తేనే కాగితాల మీద సంతకం పెడతానన్నాడు. ఆ క్లాసు ఎప్పుడనుకున్నారు? మధ్యాహ్నం ఒంటిగంటకి ఆఫీసు మూసి నాలుగింటికి తెరిచేలోగా, ఊరంతా ఏసీల కింద కునుకు తీసే వేళ, అదీ జూన్ నెలలో!

పాఠం చెప్పిన, టై కట్టుకున్న మాస్టారు జన్మలో ఎవరికీ ఇల్లు చూపించిన పాపాన పోలేదు. ఇంట్లో అడుగుపెట్టగానే మొదట ఏం చూపించాలని పరీక్షలో అడిగితే, కుళాయి తిప్పి నీళ్ళు చూపించాలని రాశాను. తప్పట! కిటికీ తెరిచి బయటి అందం చూపించాలట. ఫెయిలు చేసి మళ్ళీ కూర్చోబెట్టాడు. నాతో పనిచేసే మలయాళీ అక్క, ఆయనకి ఏం కావాలో అదే రాసి బయటపడవమ్మా అని హిందీలో విసుక్కుంది. పళ్ళు కొరుక్కుంటూ కిటికీ అనే రాశాను.

ఆఖరి రోజు నిజంగానే ఇల్లు చూపించాలి, పక్కన ఆయన మార్కులు వేస్తాడు. అజైబా పేటలో మూడో అంతస్తు. హైదరాబాద్ నుంచి కొత్తగా దిగిన జంట, ఆవిడ చంకలో మూణ్ణెల్ల పాప. అంత పైకి నీళ్ళు సరిగ్గా ఎక్కవని నాకు ముందే అనుమానం. కిటికీ తెరిచి వంటింటివైపు నడవబోతుంటే మాస్టారు నా చెవి దగ్గరికొచ్చి, "కుళాయిల జోలికి వెళ్ళకండి మేడమ్, మార్కులు పోతాయి" అన్నాడు. కార్డుకి నాలుగు రోజులే గడువు. ఆగిపోయాను. దూరంగా సముద్రం కనిపిస్తోందని మురిసిపోయి వాళ్ళు సంతకాలు పెట్టారు, నాకు సర్టిఫికెట్ వచ్చింది.

పది రోజులకి ఆవిడ పాపనెత్తుకుని ఎండలో ఆఫీసుకొచ్చింది. అరుస్తుందనుకున్నాను, అరవలేదు.

"మన తెలుగామె అని నమ్మినం గదా అక్కా, ఒక్క మాట చెప్పకపోతివి. పాప బట్టలు పిండెటందుకు గూడ నీళ్ళొస్తలేవు."

నాకు పాఠం అలా చెప్పారంటే నీళ్ళొస్తాయా? మేనేజరుతో పోట్లాడి వాళ్ళకి దార్సైట్‌లో వేరే వాటా ఇప్పించేసరికి నెల పట్టింది. ఆ నెలంతా వాళ్ళాయన ఆఫీసుకి సంచిలో తెచ్చిచ్చిన పాప బట్టలు మా ఇంట్లో ఉతికి ఆరేసి పంపాను.

ఇప్పుడు ఫోటోలు చూసే ఇళ్ళు తీసేసుకుంటున్నారట, మోసపోతే ఫోనులోనే ఒక్క స్టారు ఇచ్చి నాలుగు తిట్లు రాసి ఊరుకుంటారట. సుఖమే, కాదనను. కానీ మన కాలంలోలాగా ఎండలో వచ్చి, ఎదురుగా నిలబడి, అక్కా అని పిలిచి మరీ నిలదీసే మనిషి ఈ పిల్లలకి ఎక్కడ తటస్థపడుతుంది?